నాయకుడి ఇల్లు, జనం ఇంటి చట్టం

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

కుటుంబ విలువల గురించి గట్టిగా మాట్లాడే జనాకర్షక నాయకులు, వాళ్ళ సొంత జీవితాలు. ఇదీ ఇవాళ్టి విషయం. ఈ మాట వినగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఊరందరికీ నీతులు చెబుతాడు, తన ఇంట్లో చూస్తే ఇలా ఉంది, మరి జనం ఎలా ఓటేస్తారండీ?" అడగకూడని ప్రశ్నేం కాదు. కానీ దాంతో మొదలుపెడితే గంటసేపు కబుర్లు నడుస్తాయి, రాజకీయం మాత్రం అర్థం కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ నాయకులు సొంత జీవితం వల్ల పదవి పోగొట్టుకోవడం చాలా అరుదు. పోయినప్పుడు కారణం వెతికితే పడకగదిలో దొరకదు, ఏదో ఒక ఫైలులో దొరుకుతుంది. ఒక సంతకం, ఒక ఫోన్ కాల్, ఒక ఖాతా. అందుకని మనం చూడాల్సింది ఫైలు వైపు.

ముందు ఇటలీ. పోప్ ఉండే నగరమే రాజధానిగా ఉన్న దేశం కదా, అక్కడ విడాకుల చట్టం ఎప్పుడొచ్చింది? 1970 డిసెంబరు 1న. అదీ ఐదేళ్ళు విడిగా ఉంటేనే. దాన్ని రద్దు చేయాలని 1974 మే 12, 13 తేదీల్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించారు. ఓటర్లలో 87 శాతానికి పైగా వచ్చి ఓటేశారు. 59 శాతం మంది రద్దు వద్దన్నారు. ఆ తర్వాత ఐదేళ్ళ గడువు 1987లో మూడేళ్ళయింది. 2015లో ఇద్దరూ ఒప్పుకుంటే ఆరు నెలలు, ఒప్పుకోకపోతే ఏడాది అయింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇటలీ ఓటరు విడాకులంటే ఉలిక్కిపడే మనిషి అనుకుని లెక్క వేస్తే ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది. తన ఇంట్లోకి వచ్చి వేలు పెట్టొద్దని ఆ ఓటరు 1974లోనే చెప్పేశాడు.

ఇప్పుడు 2007 మే 12కి రండి. ఆ ఓటింగ్ మొదలైన తేదీయే, ముప్పై మూడేళ్ళ తర్వాత. రోములో సాన్ జొవాన్ని చౌక్‌లో 'ఫ్యామిలీ డే' అని పెద్ద సభ జరిగింది. క్యాథలిక్ సంఘాలు పెట్టిన సభ. దేనికి? అప్పటి ప్రధాని ప్రోదీ ప్రభుత్వం ఆ ఫిబ్రవరిలో సహజీవనం చేసే జంటల కోసం ఒక బిల్లు తెచ్చింది. ఆస్పత్రిలో దగ్గరుండి చూసుకునే హక్కు, అద్దె ఇంట్లో కొనసాగే హక్కు, కొన్నేళ్ళు కలిసి ఉన్నాక వారసత్వంలో వాటా, ఇలాంటివి. ఇది కుటుంబ వ్యవస్థను కూలుస్తుందని ఆ సభ. మితవాద నాయకులు ముగ్గురు హాజరయ్యారు. మాజీ ప్రధాని బెర్లుస్కోనీ: మొదటి పెళ్ళి 1985లో విడాకులతో ముగిసింది, రెండో పెళ్ళి 1990లో. కాజీనీ: మొదటి భార్యతో విడిపోయారు, ఇంకొకరితో కలిసి ఉంటున్నారు, ఆ అక్టోబరులో ఆమెను పెళ్ళి చేసుకున్నారు. ఫీనీ: భార్యతో విడిపోతున్నట్టు ఆ ఏడాదే ప్రకటించారు. పత్రికలు ఎత్తిచూపాయి, కార్టూన్లు వచ్చాయి. ఏమైంది? ఆ బిల్లు చట్టం కాలేదు. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో బెర్లుస్కోనీ కూటమి ఘనంగా గెలిచింది. ఆయన పార్టీకే 37 శాతం పైన వచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎవరు గెలిచారన్నది కాదు, ఎవరు నష్టపోయారో చూడండి. సభకు వచ్చిన నాయకుల్లో ఎవరికీ ఆ బిల్లుతో పనిలేదు. విడాకులు తీసుకున్నారు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, లాయర్లున్నారు, డబ్బుంది. నష్టపోయింది ఇరవై ఏళ్ళు కలిసి ఉండి, తోడు ఐసీయూలో ఉంటే లోపలికి పోనివ్వని మనిషి. ఆ మనిషికి చట్టం దక్కింది 2016లో. తొమ్మిదేళ్ళు పట్టింది. మధ్యలో పోయినవాళ్ళు పోయారు. నాయకుడు కపటి అని తిట్టుకుంటూ కూర్చుంటే ఈ తొమ్మిదేళ్ళు మన కంటికి ఆనవు. నా బాధంతా అదే.

బెర్లుస్కోనీ దగ్గరే ఇంకాస్త ఉందాం. ఆయన ఇంటిని ఎప్పుడూ దాచుకోలేదు, పైపెచ్చు ప్రచారంలో పెట్టారు. 2001 ఎన్నికల ముందు కోటికి పైగా ఇళ్ళకు రంగురంగుల పుస్తకం పోస్టులో పంపించారు. అమ్మ, భార్య, పిల్లలు, ఇల్లు, తోట. ఓటరుకు చెప్పిందేమిటి? నేను పుణ్యాత్ముణ్ణి అని కాదు. నాకూ మీలాగే ఇల్లుంది, కాకపోతే మీకంటే బాగా నడుపుతున్నాను అని. కానీ ఇంటిని వేదిక ఎక్కించాక ఇంట్లోవాళ్ళకూ ఆ వేదిక మీద మాట్లాడే హక్కు వచ్చేస్తుంది. 2007 జనవరి చివర్లో ఒక అవార్డుల విందులో ఆయన ఇంకో మహిళతో, నాకు పెళ్ళి కాకపోయి ఉంటే నిన్నే చేసుకునేవాణ్ణి అన్న అర్థం వచ్చే మాటలన్నారు. భార్య వెరోనికా లారియో ఏం చేశారు? ఇంట్లో అలిగి కూర్చోలేదు. ఆయనకు బద్ధవిరోధి అయిన 'లా రెపుబ్లికా' పత్రికకు ఉత్తరం రాసి, అందరి ముందూ క్షమాపణ చెప్పాలని అడిగారు. ఆయన అదే రోజు బహిరంగంగా చెప్పారు కూడా. 2009లో ఒక అమ్మాయి పద్దెనిమిదో పుట్టినరోజు వేడుకకు ఆయన వెళ్ళిన వార్త వచ్చాక, మే మొదట్లో ఆమె విడాకులు కోరుతున్నట్టు ప్రకటించారు. సుమారు నెల తర్వాత యూరప్ పార్లమెంటు ఎన్నికలు. ఆయన పార్టీకి ఎంతొచ్చాయి? 35 శాతం. అంత రభస జరిగితే తగ్గింది రెండు శాతం.

మరి ఆయన్ని నిజంగా ఇరుకున పెట్టింది ఏమిటి? 2010 మే 27 రాత్రి. మిలాన్ పోలీసులు, ఆయన ఇంటి విందులకు వచ్చిన ఒక మైనర్ అమ్మాయిని దొంగతనం అనుమానంతో స్టేషన్‌కు తెచ్చారు. ప్రధాని స్వయంగా పోలీసు అధికారులకు ఫోన్ చేశారు. ఆమె ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ బంధువు అని చెప్పి విడిపించే ప్రయత్నం చేశారు. కేసు నడిచింది, 2013 జూన్‌లో కింది కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, 2014లో అప్పీలు కోర్టు నిర్దోషి అంది, 2015లో అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. ఇది పూర్తిగా చెప్పాలి, సగం చెబితే అన్యాయం. కానీ గమనించండి, విందులకు ఎవరెవరు వచ్చారన్నది జనం నవ్వుకుని వదిలేశారు. వదలనిది ఆ ఫోన్ కాల్. ఎందుకంటే అది ఇంటి మనిషి చేసిన ఫోన్ కాదు, ప్రధానమంత్రి చేసిన ఫోన్. చివరికి ఆయన సెనేట్ సభ్యత్వం పోయింది ఈ గొడవతో కూడా కాదు. పన్ను ఎగవేత కేసులో శిక్ష ఖాయమయ్యాక, 2013 నవంబరులో.

ఇటలీలోనే లీగ్ పార్టీ నాయకుడు సల్వీనీ గురించి ఎక్కువసేపు అక్కర్లేదు. విడాకులు తీసుకున్న మనిషి, ఇద్దరు స్త్రీల ద్వారా ఇద్దరు పిల్లలు. 2019 మార్చిలో వెరోనాలో జరిగిన ప్రపంచ కుటుంబ మహాసభలో మాట్లాడారు, మేలో మిలాన్ సభలో జపమాల చేతపట్టుకున్నారు. ఆ నెలలోనే యూరప్ ఎన్నికల్లో ఆయన పార్టీకి 34 శాతం ఓట్లు వచ్చాయి.

2022లో ప్రధాని అయిన మెలోనీ విషయం వేరు, అది శ్రద్ధగా చూడాలి. 2019 అక్టోబరులో, అదే సాన్ జొవాన్ని చౌక్‌లో, ఆవిడ అన్న మాటలు దేశమంతా తిరిగాయి. "నేను జోర్జియాను, నేను స్త్రీని, నేను తల్లిని, నేను ఇటలీ దేశస్థురాలిని, నేను క్రైస్తవురాలిని." ఇందులో ఏం లేదో చూశారా? "నేను భార్యను" అన్న మాట లేదు. ఆవిడకు పెళ్ళి కాలేదు. అప్పట్లో ఒక టీవీ జర్నలిస్టుతో సహజీవనం, వాళ్ళకి ఒక పాప. తండ్రి చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్ళిపోతే తల్లి ఒక్కతే పెంచిన పిల్ల మెలోనీ, ఆ సంగతి ఆవిడే చెప్పుకుంటారు. అంటే చర్చిలో పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆదివారం భోజనం అనే పటం ఆవిడ ఎప్పుడూ చూపించలేదు. తల్లిని అన్నారు, అంతే. తల్లి అన్న మాటకు పెళ్ళి సర్టిఫికెట్ అక్కర్లేదు, విడిపోయినా ఆ మాట చెక్కుచెదరదు. 2023 అక్టోబరులో ఆమె సహచరుడు కెమెరా ఆపారనుకుని మహిళా సహోద్యోగులతో అన్న మాటలు ఒక టీవీ కార్యక్రమంలో ప్రసారమయ్యాయి. అక్టోబరు 20న, దాదాపు పదేళ్ళ బంధం ముగిసిందని ఆవిడ సోషల్ మీడియాలో నాలుగు ముక్కల్లో రాశారు. మరుసటి ఏడాది జూన్‌లో యూరప్ ఎన్నికలు. ఆవిడ పార్టీ ఓటు 2022లో 26 శాతం ఉన్నది దాదాపు 29 శాతానికి పెరిగింది.

అయితే అదే కాలంలో ఆవిడ ప్రభుత్వం ఏం చేసింది? 2023 మొదట్లో, ఇద్దరు తల్లులున్న జంటల పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లూ రాయొద్దని మిలాన్ లాంటి నగరాలకు ఆదేశాలు వెళ్ళాయి. ఆ వేసవిలో పాదువా ప్రాసిక్యూటర్ ఆఫీసు, అప్పటికే నమోదైన 33 మంది పిల్లల సర్టిఫికెట్ల మీద కోర్టుకు వెళ్ళింది. ఆ కాగితం మీద ఒక పేరు కొట్టేస్తే ఏమవుతుందో తెలుసా? కొట్టేసిన పేరు గల తల్లి బిడ్డను బడి నుంచి తెచ్చుకోవాలన్నా రెండో తల్లి రాతపూర్వక అనుమతి కావాలి. కన్నతల్లి చనిపోతే ఆ బిడ్డకు చట్టరీత్యా తల్లీ లేదు, తండ్రీ లేడు. 2024 అక్టోబరు 16న సెనేట్ ఇంకో చట్టం ఆమోదించింది. సరొగసీ ఇటలీలో 2004 నుంచే నేరం. ఇప్పుడు ఇటలీ పౌరులు విదేశానికి వెళ్ళి చేయించుకున్నా నేరమే. మూడు నెలల నుంచి రెండేళ్ళ జైలు, ఆరు లక్షల నుంచి పది లక్షల యూరోల జరిమానా. ఈ చట్టం మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్ళు రెండువైపులా ఉన్నారు. సరొగసీలో పేద స్త్రీల శరీరం అంగడి సరుకవుతోందన్న వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నేననేదల్లా ఏమిటంటే, ప్రధాని సహజీవనం గురించి వెయ్యి వ్యాసాలు వచ్చిన రోజుల్లోనే ఈ కాగితాలు కదిలాయి. 2025 మేలో రాజ్యాంగ న్యాయస్థానం, విదేశంలో చేయించుకున్న కృత్రిమ గర్భధారణ ద్వారా ఇటలీలో పుట్టిన బిడ్డకు రెండో తల్లిని గుర్తించకపోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటిదాకా ఆ ఇళ్ళలో ఎంత దిగులు!

ఇక హంగరీ. కుటుంబ విలువలను ఇంత పకడ్బందీగా చట్టంలో, బడ్జెట్‌లో పెట్టిన ప్రభుత్వం యూరప్‌లో ఇంకొకటి కనబడదు. 2019లో వచ్చిన 'బిడ్డ కోసం' రుణం తీసుకోండి. మొదట్లో కోటి ఫోరింట్ల దాకా వడ్డీ లేని అప్పు. పెళ్ళయిన జంటకే. మొదటి బిడ్డ పుడితే మూడేళ్ళు కిస్తీలు ఆగుతాయి. రెండో బిడ్డకు మిగిలిన అప్పులో 30 శాతం మాఫీ. మూడో బిడ్డకు మొత్తం మాఫీ. ఐదేళ్ళలో బిడ్డ పుట్టకపోతే? వడ్డీ లేని అప్పు కాస్తా వడ్డీ ఉన్న అప్పవుతుంది, అప్పటిదాకా ఇచ్చిన వడ్డీ రాయితీ కూడా తిరిగి కట్టాలి. నలుగురు పిల్లల తల్లికి 2020 నుంచి జీవితాంతం ఆదాయపు పన్ను లేదు. బాగుంది కదా? ఇందులో లోపం ఎక్కడుందో చూడండి. పన్ను మినహాయింపు వల్ల లాభం ఎవరికి? పన్ను కట్టేంత జీతం ఉన్నవాళ్ళకి. అప్పు ఎవరికి ఇస్తారు? బ్యాంకు నమ్మేవాళ్ళకి. పల్లెలో దినకూలీ చేసుకునే రోమా (జిప్సీ) తెగ తల్లికి నలుగురు పిల్లలున్నా ఈ పథకంలో చేతికి వచ్చేది స్వల్పం. జననాల రేటు 2011లో ఒక్కో స్త్రీకి 1.23 ఉండేది, 2021 నాటికి సుమారు 1.6కు పెరిగింది, 2024కి మళ్ళీ 1.4 లోపుకు పడింది. డబ్బుతో కాన్పు ముందుకు జరుగుతుంది, మొత్తం పిల్లల సంఖ్య అంతగా పెరగదు అన్న జనాభా నిపుణుల మాటకు ఇది దగ్గరగా ఉంది.

ఇప్పుడు ఆ ప్రభుత్వాన్ని నడిపిన ఓర్బాన్ పార్టీ, అంటే ఫిదెస్ మనుషులు. మూడు ఉదంతాలు, మూడింటి ముగింపు మూడు రకాలు. బోర్కాయి, గ్యోర్ నగర మేయరు, 1988 సియోల్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్ స్వర్ణ విజేత. 2019 అక్టోబరు ఎన్నికలకు కొద్ది రోజుల ముందు ఓడలో స్త్రీలతో శృంగారంలో ఉన్న వీడియో బయటపడింది. ఆదివారం పోలింగ్. ఏం జరిగింది? గెలిచారు! స్వల్ప మెజారిటీయే, కానీ గెలిచారు. తర్వాత పార్టీ వదిలారు, పదవీ వదిలారు. రెండోది సాయెర్. పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరు. 2011 రాజ్యాంగం తన ఐప్యాడ్ మీద రాశానని చెప్పుకున్న మనిషి. వివాహం అంటే స్త్రీ పురుషుల మధ్య బంధం అన్నది ఆ రాజ్యాంగంలోనే ఉంది. 2020 నవంబరు 27న, కోవిడ్ ఆంక్షలున్న బ్రస్సెల్స్‌లో పురుషుల లైంగిక విందు మీద పోలీసులు పడ్డారు, ఆయన పైపు పట్టుకుని జారి పారిపోతూ దొరికారు. యూరప్ పార్లమెంటు సభ్యత్వం, పార్టీ రెండూ పోయాయి. కానీ ఆ రాజ్యాంగానికి ఏమైంది? మూడు వారాలు తిరక్కుండా, డిసెంబరు 15న, ఇంకా బిగించారు. తల్లి అంటే స్త్రీ, తండ్రి అంటే పురుషుడు అని చేర్చారు. దత్తత దాదాపుగా పెళ్ళయిన జంటలకే అన్నారు. రాసిన మనిషి పోయాడు, రాత ఉండిపోయింది. నాయకుడి గుట్టు రట్టయితే చట్టం దానంతటదే వీగిపోతుందని ఆశపడేవాళ్ళు ఈ రెండు తేదీలూ గుర్తుపెట్టుకోండి.

మూడోది నోవాక్ కతలిన్. ముగ్గురు పిల్లల తల్లి, కుటుంబ శాఖ మంత్రిగా పనిచేసి 2022లో దేశాధ్యక్షురాలయ్యారు. సొంత జీవితంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పార్టీ చెప్పే ఆదర్శానికి అచ్చుగుద్దినట్టున్న మనిషి. పదవి పోయింది ఆవిడకే. 2023 ఏప్రిల్‌లో పోప్ పర్యటన సందర్భంగా కొందరికి క్షమాభిక్ష పెట్టారు. అందులో ఒకడు బిచ్కె అనే ఊళ్ళో అనాథ పిల్లల హాస్టల్ డిప్యూటీ డైరెక్టర్. డైరెక్టర్ పిల్లల మీద లైంగిక దాడులు చేస్తే, వాంగ్మూలం వెనక్కి తీసుకోమని పిల్లల్ని ఒత్తిడి చేసినందుకు శిక్షపడ్డవాడు. ఈ సంగతి 2024 ఫిబ్రవరి 2న పత్రికలో వచ్చింది. 10వ తేదీన ఆవిడ రాజీనామా. ఆ ఫైలు మీద న్యాయమంత్రిగా సంతకం పెట్టిన వర్గా యూదిత్ కూడా రాజకీయాల నుంచి తప్పుకున్నారు. ఎనిమిది రోజులు! ఓడ వీడియో ఉన్న మేయరు ఎన్నిక గెలిచాడు, మచ్చలేని తల్లి ఎనిమిది రోజుల్లో దిగిపోయింది. ఎందుకు? జనం పిల్లల రక్షణ అన్న మాట నమ్మారు కాబట్టి. ఆ మాటను కాదన్నది ఆవిడ జీవితం కాదు, ఆవిడ సంతకం.

ఫిలిప్పీన్స్ ఒక్క నిమిషం. ముస్లింలకు తప్ప విడాకుల చట్టమే లేని దేశం. ఎస్ట్రాడా తనకున్న స్త్రీల సంగతి దాచుకోకుండానే 1998 అధ్యక్ష ఎన్నికల్లో భారీగా గెలిచారు. 2001 జనవరిలో దిగిపోయారు. జూదం ముఠాల నుంచి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ మీద సెనేట్‌లో విచారణ జరుగుతుండగా, ఖాతా కాగితాలున్న బ్యాంకు కవరు తెరవొద్దని సభ్యులు 11-10 ఓట్లతో తేల్చిన రాత్రి జనం రోడ్డెక్కారు. ఇక్కడా అంతే. స్త్రీలు కాదు, బ్యాంకు కవరు.

మన దగ్గర ఏమిటి అని ముందు వరుసలో పెద్దాయన ఇందాకట్నుంచీ చూస్తున్నారు. చెబుతానండీ. ఎన్టీఆర్. 1982లో పార్టీ, 1983 జనవరిలో ముఖ్యమంత్రి. "తెలుగింటి ఆడపడుచులు" అని పిలిచి రాజకీయం చేసిన మనిషి. ఆ పిలుపు కుటుంబం మాటే, అన్నగా నిలబడటమే. 1993లో, డెబ్బై ఏళ్ళ వయసులో లక్ష్మీపార్వతిని పెళ్ళి చేసుకున్నారు. కుటుంబంలో రగడ, పత్రికల్లో రచ్చ. 1994 డిసెంబరులో ఓటరు ఏం చెప్పాడు? 294లో 216 సీట్లు. ఆ పెళ్ళి ఓటరుకు అడ్డం రాలేదు. మద్య నిషేధం, రెండు రూపాయల బియ్యం కనబడ్డాయి. 1995 ఆగస్టులో ఆయన్ని దింపింది ఓటరు కాదు, సొంత ఎమ్మెల్యేలు. వాళ్ళు చెప్పిన కారణం కూడా పెళ్ళి అని కాదు, పార్టీ వ్యవహారాల్లో ఆవిడ జోక్యం అని. ఆ ఆరోపణలో నిజమెంత అన్న వాదన ఇవాళ్టికీ తెగలేదు, అది ఇక్కడ తేల్చేది కాదు. ఇల్లు, పదవి కలిసే చోటే గొడవ మొదలైందన్నది మాత్రం చూడండి.

ఆయన ఆడపడుచులకు చేసింది ఏమిటంటే నేను పెళ్ళి గురించి కాదు, ఒక చట్టం గురించి చెబుతాను. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన వాటా. దేశంలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం మనది, కేంద్రం అందరికీ వర్తింపజేసింది 2005లో. కానీ ఆ సవరణలో ఒక మెలిక ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి వర్తించదు. అంటే ఒకే ఇంట్లో, 1985 మేలో పెళ్ళయిన అక్కకు లేదు, నవంబరులో పెళ్ళయిన చెల్లికి ఉంది! ఆడపడుచులందరూ అన్న పిలుపుకీ, గెజిట్‌లో అచ్చయిన వాక్యానికీ మధ్య ఇంత తేడా. 2005 కేంద్ర సవరణ వచ్చాక పెళ్ళి షరతు లేదు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలు చెల్లుతాయి. నోటిమాట పంపకం అని చెబితే కోర్టు తేలిగ్గా ఒప్పుకోదు, రుజువు చూపించాలి. కాబట్టి అన్నదమ్ములు "ఎప్పుడో పంచేసుకున్నాం" అంటే, అక్కచెల్లెళ్ళు ముందుగా అడగాల్సింది పంపక దస్తావేజు. రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ రాసుకోండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించండి. ఈ విషయం మీద ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి, ఇంకా పావుగంట సమయం ఉంది.